యుద్ధఖైదీ వైమానికుల కథలు: చరిత్ర కోసం ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కూలి జర్మన్లకు చిక్కిన వైమానికుల మీద చాలా కథలు తెరకెక్కాయి. వాటిలో తరచూ పోలికకు వచ్చేవి నాలుగు. 2024లో యాపిల్ టీవీ ప్లస్‌లో వచ్చిన 9 భాగాల ‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’, 1972–74 మధ్య బీబీసీ ప్రసారం చేసిన 28 భాగాల ‘కోల్డిట్జ్’, 1965 నుంచి 1971 దాకా అమెరికాలో 168 భాగాలు నడిచిన హాస్య సీరియల్ ‘హోగన్స్ హీరోస్’, 1963 నాటి సినిమా ‘ది గ్రేట్ ఎస్కేప్’. సీరియళ్ల మధ్య సినిమా ఎందుకంటే, వైమానిక ఖైదీల గురించి లోకానికి తెలిసినదాంట్లో సగానికి సగం ఆ సినిమా చెప్పిందే. తర్వాత వచ్చిన ప్రతి సీరియల్‌నూ జనం దాని పక్కన పెట్టే చూస్తున్నారు.

తీరిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాం. శిబిరం ఎలా ఉండేది, వైమానికుడు పట్టుబడిన రోజు నుంచి విడుదలైన రోజు దాకా ఏమేం జరిగేది అన్నది చూడాలంటే ‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’ 6 నుంచి 9 దాకా భాగాలు చూడండి. సొరంగం ఎలా తవ్వారో తెలుసుకోవాలంటే ‘ది గ్రేట్ ఎస్కేప్’లో మనుషులు బయటపడేదాకా ఉన్న భాగం చాలు. నాలుగేళ్లు ముళ్లకంచె వెనక ఉంటే మనిషి మనసు ఏమవుతుందన్నది కావాలంటే ‘కోల్డిట్జ్’కి సాటి ఇంకోటి లేదు. ‘హోగన్స్ హీరోస్’ నవ్వుకోవడానికే, చరిత్ర కోసం కాదు.

ఇలా ఒక్కోదానికి ఒక్కోటి చెప్పాల్సి రావడానికి కారణం ఉంది. చారిత్రక నిజం అని మనం ఒకే మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి: వస్తువులు సరిగ్గా ఉన్నాయా, తేదీల వరస సరిగ్గా ఉందా, ఎవరు ఎక్కడున్నారన్నది నిజమేనా, ఖైదీ బతుకు ఎలా గడిచేదో సరిగ్గా పట్టుకున్నారా. ఈ నాలుగింటిలోనూ నెగ్గినది ఏదీ లేదు. తేడా అల్లా ఏది దేన్ని వదులుకుంది అన్నదే.

కొలబద్దగా ఒక అసలు శిబిరం

పోల్చాలంటే ముందు అసలుది తెలియాలి. ఈ కథల్లో ఎక్కువభాగం తిరిగేది స్టాలగ్ లుఫ్ట్ 3 చుట్టూ. 1942 వసంతంలో జర్మన్ వైమానిక దళం లుఫ్ట్‌వాఫె దీన్ని సాగన్ అనే ఊరి దగ్గర పైన్ అడవి నరికి కట్టింది. ఆ ఊరు అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు జగాన్. చోటు ఎంపికలోనే సగం కాపలా ఉంది. అక్కడ నేల ఇసుక నేల, తవ్వితే కూలిపోతుంది. పైమట్టి బూడిదరంగు, కింద ఇసుక పసుపు. లోపలి ఇసుక పిడికెడు బయట పడినా దూరం నుంచే కనిపిస్తుంది. దానికితోడు బ్యారక్‌లను నేలకు అడుగున్నర, రెండడుగుల ఎత్తులో దిమ్మెల మీద నిలబెట్టారు. కిందకి వంగి చూస్తే ఎవరు తవ్వుతున్నారో తెలియాలని. తవ్వే చప్పుడు వినడానికి కంచె పొడవునా మైక్రోఫోన్లు పాతారు.

ఆవరణలు ఒకేసారి రాలేదు. మొదట తూర్పు, మధ్య ఆవరణలు వచ్చాయి. 1943 మార్చి చివర్లో ఉత్తర ఆవరణ, అదే ఏడాది సెప్టెంబరులో అమెరికన్ల కోసం దక్షిణ ఆవరణ, 1944లో పడమటి ఆవరణ తెరిచారు. 1945 జనవరి నాటికి ఖైదీలు పది వేలు దాటారు. ఒక్కో ఆవరణ వేరు ఊరు లాంటిది. మధ్యలో కంచె, కంచె మీద కాపలా. సీరియల్లో ఒక పాత్ర అటూ ఇటూ సులువుగా తిరిగేస్తుంటే అక్కడ అనుమానపడాలి.

ఇంకో మూడు నియమాలు గుర్తుంటే సగం తప్పులు మీరే పట్టేస్తారు. పట్టుబడ్డ వైమానికుల్ని చూసుకునేది లుఫ్ట్‌వాఫె, పదాతి దళం వాళ్లను చూసుకునేది సైన్యం. కాబట్టి వైమానిక శిబిరంలో కాపలావాళ్ల యూనిఫాం నీలం కలిసిన బూడిదరంగులో ఉండాలి. ఆఫీసర్లనూ సార్జెంట్లనూ వేరుగా ఉంచేవారు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఆఫీసర్ల చేత పని చేయించకూడదు. అందుకే వాళ్లకు రోజంతా ఖాళీ. ఆ ఖాళీలోంచే నాటకాలు, తరగతులు, సొరంగాలు పుట్టాయి.

తిండి మాట వేరుగా చెప్పాలి, దీన్ని తెర మీద దాదాపు అందరూ తేలిగ్గా దాటేస్తారు. జర్మన్లు ఇచ్చేది నల్లరొట్టె, బంగాళాదుంపలు, దుంపకూరలు, కాఫీ పేరుతో కాఫీ కానిదేదో. ప్రాణం నిలబెట్టింది రెడ్‌క్రాస్ పార్శిల్. సుమారు 5 కిలోల పెట్టెలో పాలపొడి, డబ్బా మాంసం, సాల్మన్ చేప, చీజ్, ఎండుద్రాక్ష, పంచదార, మార్గరిన్, బిస్కెట్లు, చాక్లెట్, కాఫీ, సబ్బు, సిగరెట్లు ఉండేవి. మనిషికి వారానికి ఒకటి అన్నది లెక్క. 1944 సెప్టెంబరు నుంచి సగానికి తగ్గింది. ఒక గదిలో ఉన్నవాళ్లు తమ డబ్బాలన్నీ ఒకచోట కలిపి వంతులవారీగా వండుకునేవారు. పారిపోయేందుకు దాచుకోకుండా జర్మన్లు డబ్బాలకు బెజ్జం పెట్టి ఇచ్చేవాళ్లు. 1944 చలికాలపు సన్నివేశంలో నిండు పళ్లెం కనిపిస్తే అది తప్పు.

మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్: వస్తువుల్లో మేటి, కాలంలో కుదింపు

ఇంగ్లండ్‌లోని థార్ప్ ఆబట్స్ నుంచి బీ-17 బాంబర్లు నడిపిన 100వ బాంబ్ గ్రూపు కథ ఇది. ఇందులో ప్రధాన పాత్రలైన గేల్ క్లీవెన్, జాన్ ఈగన్ ఇద్దరూ నిజమైన మనుషులు. క్లీవెన్ 1943 అక్టోబరు 8న బ్రెమెన్ దాడిలో కూలాడు. రెండు రోజులకే, అక్టోబరు 10న మ్యూన్‌స్టర్ దాడిలో ఈగన్ కూలాడు. ఆ రోజు ఆ గ్రూపు నుంచి లక్ష్యం దాకా వెళ్లిన విమానాల్లో తిరిగి వచ్చింది రాబర్ట్ రోజెంతాల్ నడిపిన ఒక్కటే. స్నేహితులిద్దరూ ఒకే శిబిరంలో కలుసుకున్నారంటే రచయిత కల్పనేమో అనిపిస్తుంది, కానీ అది జరిగినదే.

ఈ సీరియల్ బలమంతా ప్రయాణ క్రమాన్ని పట్టుకోవడంలో ఉంది. పట్టుబడ్డ వైమానికుణ్ణి నేరుగా శిబిరానికి పంపేవారు కాదు. ముందు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఓబరూర్సెల్‌లో ఉన్న విచారణ కేంద్రం డూలాగ్ లుఫ్ట్‌కు తీసుకెళ్లేవారు. అక్కడ ఒంటరి గది. పేరు, హోదా, సైనిక సంఖ్య, ఈ మూడూ చెబితే చాలని ఒప్పందం. అక్కడి విచారణాధికారుల పని కొట్టడం కాదు, మాటల్లో దించడం. ఖైదీ గ్రూపు గురించి, పై ఆఫీసర్ల గురించి, సొంత ఊరి పత్రికల్లో వచ్చిన వార్తల గురించి ఫైలు ముందే సిద్ధంగా ఉండేది. అన్నీ తెలిసినట్టు మాట్లాడితే ఖైదీ ఇక దాచేదేముందని నోరు జారుతాడు. లొంగకపోతే, నువ్వు సైనికుడివని రుజువు లేదు, గూఢచారివని నాజీల రహస్య పోలీసు గెస్టపోకి అప్పగిస్తామని బెదిరింపు. 6వ భాగంలో ఈగన్ విచారణ ఈ పద్ధతికి చాలా దగ్గరగా ఉంది. గదిలో అరుపులు లేవు, సిగరెట్టు ఇచ్చి మాట కలిపే మనిషి ఉన్నాడు. ఇంత నిదానంగా తీయడానికి ధైర్యం కావాలి.

అదే భాగంలో పెద్ద కుదింపూ ఉంది. బాంబులు పడ్డ ఊళ్లోంచి ఖైదీల్ని నడిపిస్తుంటే జనం మీదపడి చంపే దృశ్యం రూసెల్స్‌హైమ్‌లో జరిగిన హత్యాకాండ ఆధారంగా తీసింది. అది జరిగింది 1944 ఆగస్టు 26న, అంటే ఈగన్ పట్టుబడ్డ పది నెలల తర్వాత. అందులో ఒక బీ-24 బాంబర్ సిబ్బందికి చెందిన ఆరుగురు చనిపోయారు, ఇద్దరు బతికారు. ఈగన్ అక్కడ లేడు. అంటే ఘటన నిజం, ఆ మనిషిని అందులో పెట్టడం కల్పన. ఇలా ఎందుకు చేస్తారంటే, తొమ్మిది భాగాల్లో ప్రేక్షకుడికి చనువైన మొహాలు నాలుగైదే. ఎక్కడో జరిగిన ఘోరాన్ని చూపించాలంటే ఆ మొహాల్లో ఒకదాన్ని అక్కడ నిలబెట్టాలి. చూసేవాళ్లు దీన్ని ఈగన్ జీవితచరిత్రగా గుర్తుపెట్టుకోకుండా ఉంటే చాలు.

7వ భాగంలో ఉత్తర ఆవరణ నుంచి బ్రిటిష్ ఖైదీలు పారిపోవడం, 50 మందిని చంపడం వార్తగా మాత్రమే వస్తుంది. చాలామంది దీన్ని లోపమన్నారు. మా లెక్కలో ఈ సీరియల్ చేసిన అతి నిజాయతీ గల పని ఇదే. ఎందుకంటే అమెరికన్లను 1943 సెప్టెంబరులోనే వేరే ఆవరణకు మార్చేశారు. 1944 మార్చిలో వాళ్లకు తెలిసింది కంచె అవతల నుంచి వచ్చిన మాటే.

8వ భాగం అలెగ్జాండర్ జెఫర్సన్, రిచర్డ్ మేకన్, రాబర్ట్ డేనియల్స్ గురించి. టస్కీగీ వైమానికులుగా పేరుపడ్డ 332వ ఫైటర్ గ్రూపు నల్లజాతి పైలట్లు వీళ్లు. ముగ్గురూ ఇటలీ నుంచి బయలుదేరి, 1944 ఆగస్టు 12న దక్షిణ ఫ్రాన్స్‌లో తులోన్ దగ్గర రాడార్ కేంద్రాల మీద దాడిలో కూలారు. తేదీ, చోటు, మనుషులు అన్నీ సరే. నల్లజాతి పైలట్లను విడిగా ఉంచిన సైన్యం అమెరికాది. శత్రువు శిబిరంలో మాత్రం తెల్లవాళ్లతో ఒకే గదిలో పడుకున్నారు. ఇంత బరువైన సంగతికి ఒక్క భాగమే ఇవ్వడం దీని అసలు లోటు. ముగ్గురి కథా మొదలవుతుండగానే శిబిరంలో గుంపులో కలిసిపోతుంది.

9వ భాగం ఒక్కటి చూసినా డబ్బులు గిట్టుతాయి. 1945 జనవరి 27 రాత్రి, సోవియట్ సేనలు దగ్గరికి రావడంతో ఖైదీల్ని మంచులోకి నడిపించారు. మంచాల చెక్కలతో, బల్లలతో చేసుకున్న స్లెడ్జిల మీద దుప్పట్లు, పార్శిల్ డబ్బాలు లాక్కెళ్లారు. స్ప్రెంబెర్గ్ దాకా కాలినడక, అక్కడి నుంచి గూడ్సు పెట్టెల్లో కిక్కిరిసి ప్రయాణం. కొందరు న్యూరెంబెర్గ్‌కు, కొందరు నేరుగా మోస్‌బుర్గ్‌లోని స్టాలగ్ 7-ఏకు. న్యూరెంబెర్గ్ వెళ్లినవాళ్లను ఏప్రిల్‌లో మళ్లీ మోస్‌బుర్గ్‌కు నడిపించారు. 1945 ఏప్రిల్ 29న అమెరికన్ 14వ ఆర్మర్డ్ డివిజన్ ఆ శిబిరాన్ని విడిపించింది. మూడు నెలల ఈ దారిని సీరియల్ ఒక గంటలోకి తెచ్చింది. నడకలో క్లీవెన్ తప్పించుకోవడం నిజమే. స్లెడ్జిలు, చేతులకు చుట్టుకున్న గుడ్డపేలికలు, దారిపక్కన పడేసిన సామాను, అన్నీ శ్రద్ధగా పెట్టారు. పెట్టలేకపోయింది ఒక్కటే, ఆకలి. చెంపలు నిండుగానే ఉంటాయి. నటుల్ని నెలల తరబడి పస్తుంచలేరు కదా. కానీ సగం పార్శిళ్లతో ఐదు నెలలు గడిపినవాళ్లు ఆ నడక మొదలుపెట్టారన్నది మనసులో ఉంచుకుంటే ఆ దృశ్యాల బరువు పెరుగుతుంది.

ది గ్రేట్ ఎస్కేప్: సొరంగం నిజం, మనుషులు మారారు

172 నిమిషాల ఈ సినిమాను తప్పుల చిట్టాతో కొట్టిపారేయడం ఇప్పుడు ఫ్యాషన్. అది అన్యాయం. తవ్వకం విషయంలో దీనికి సలహా ఇచ్చింది వాలీ ఫ్లూడీ. గనుల్లో పనిచేసిన కెనడా వైమానికుడు, అసలు సొరంగాల రూపకర్తల్లో ముఖ్యుడు. అందుకే భూమి కింది దృశ్యాలు అంత బాగున్నాయి.

అసలు లెక్క ఇది. ఖైదీల్లో ఒకడైన రోజర్ బుషెల్ నాయకత్వంలో మూడు సొరంగాలు ఒకేసారి మొదలుపెట్టారు: టామ్, డిక్, హ్యారీ. ఒకటి దొరికితే ఇంకో రెండు ఉంటాయని జర్మన్లు ఊహించరని. హ్యారీ ద్వారం 104వ బ్యారక్‌లో పొయ్యి కింద, డిక్‌ది స్నానాల గదిలో నీళ్లు పోయే గుంతలో. మైక్రోఫోన్లకు అందకుండా నిలువునా సుమారు 9 మీటర్లు దిగి, అక్కడి నుంచి అడ్డంగా తవ్వారు. సొరంగం రెండడుగుల చదరం. మనిషి పడుకుని పాకాలి. ఇసుక కూలకుండా నాలుగు వైపులా చెక్క కట్టాలి. ఆ చెక్క మంచాల నుంచి వచ్చింది, మొత్తం 4,000 పలకలు. ఒంటి కింద పలకలు తగ్గిపోతున్నా ఖైదీలు అలాగే పడుకున్నారు. గాలి కోసం సంచులతో కొలిమితిత్తి లాంటి పంపు చేశారు. రెడ్‌క్రాస్ పాలపొడి డబ్బాల అడుగులు కోసి ఒకదానిలో ఒకటి దూర్చి గాలిగొట్టం వేశారు. దొంగిలించిన వైరుతో విద్యుద్దీపాలు, చెక్క పట్టాల మీద తాడుతో లాగే బండి. ప్యాంటు లోపల గుడ్డగొట్టాల్లో ఇసుక నింపుకుని, నడుస్తూ నడుస్తూ తాడు లాగి నేల మీద వదిలి కాలితో కలిపేసేవారు. వాళ్లకు పెంగ్విన్లని పేరు. మంచు పడ్డాక ఆ పద్ధతి పనికిరాలేదు, తెల్లటి నేల మీద పసుపు ఇసుక దాగదు. అప్పుడు నాటకశాల కుర్చీల కిందికి పోశారు.

1943 సెప్టెంబరులో టామ్ దొరికిపోయింది. హ్యారీ 102 మీటర్ల దాకా సాగింది. 1944 మార్చి 24 రాత్రి తెరిస్తే నోరు చెట్లలోకి కాదు, చెట్లకు ముందే ఖాళీ నేలలో తేలింది. ఒక్కొక్కరికీ తాడు లాగి సంకేతం ఇవ్వాల్సి వచ్చింది. మధ్యలో వైమానిక దాడి హెచ్చరికతో కరెంటు పోయింది. 200 మంది పోవాలనుకుంటే 76 మంది బయటపడ్డారు, 77వ మనిషి దగ్గర కాపలావాడు చూసేశాడు. ఈ అంకెలూ, తప్పిన కొలతా సినిమాలో చాలావరకు సరిగ్గానే ఉన్నాయి.

మారిందేమిటంటే, ముందు కాలం. అసలు రాత్రి గడ్డకట్టే చలి, నేలంతా మంచు. పారిపోయినవాళ్లలో చాలామంది పట్టుబడడానికి ఆ మంచే కారణం. పొలాలకు అడ్డంపడి నడవలేక రోడ్డెక్కాల్సి వచ్చింది. సినిమా తీసింది బవేరియా వేసవిలో. పచ్చని కొండల మధ్య పారిపోవడం విహారయాత్రలా కనబడుతుంది. రెండోది అమెరికన్ పాత్ర మోటార్‌సైకిల్‌తో కంచె దూకే దృశ్యం, అది పూర్తి కల్పన. అమెరికన్ వైమానిక దళం వాళ్లెవరూ ఆ 76 మందిలో లేరు. మూడోది, ఇదే మనసుకు కష్టం కలిగించేది, చివరిదాకా వెళ్లిన ముగ్గురి గుర్తింపు. ఇల్లు చేరింది నార్వే వాళ్లు పెర్ బెర్గ్స్‌లాండ్, యెన్స్ మ్యూలర్, డచ్ పైలట్ బ్రామ్ వాన్ డెర్ స్టోక్. నార్వేవాళ్లు ఓడలో స్వీడన్‌కు, డచ్ పైలట్ స్పెయిన్ మీదుగా చేరారు. దారులు రెండూ సినిమాలో ఉన్నాయి గానీ వాటిమీద నడిచినవాళ్లు వేరే దేశాలవాళ్లు. ఇక 50 మందిని ఒక మైదానంలో దించి ఒకేసారి కాల్చేసినట్టు చూపారు. నిజానికి గెస్టపో వాళ్లను వేర్వేరు ఊళ్లలో ఒక్కొక్కరిగా, ఇద్దరిద్దరిగా, చిన్న గుంపులుగా కారు దింపి చంపి, పారిపోతుంటే కాల్చామని రాసుకుంది. ఆ హత్యలు ఒక ఆవేశంలో జరిగినవి కావు, జాబితా చూసి చేసినవి. సినిమా దృశ్యంలో ఆ తేడా పోయింది.

ఇదే సాగన్‌లో తూర్పు ఆవరణ నుంచి 1943 అక్టోబరులో ముగ్గురు బ్రిటిష్ ఖైదీలు బయటపడ్డారు. కసరత్తు చేసే చెక్కగుర్రాన్ని రోజూ కంచె దగ్గరికి మోసుకెళ్లి, దాని కడుపులో కూర్చున్న మనిషి చేత తవ్వించారు. ముగ్గురూ స్వీడన్ చేరారు. దానిమీద 1950లో వచ్చిన ‘ది వుడెన్ హార్స్’కు పారిపోయినవాళ్లలో ఒకడైన ఎరిక్ విలియమ్స్ రచన ఆధారం. హడావుడి లేని సినిమా కావాలంటే అది చూడొచ్చు.

కోల్డిట్జ్: పేర్లు కల్పితం, మనసు నిజం

దీన్ని వైమానికుల కథ అనడంలో కొంచెం సర్దుబాటు ఉంది. జర్మనీలో సాక్సొనీలోని ఈ కోటను, అంటే ఆఫీసర్ల శిబిరం ఆఫ్‌లాగ్ 4-సిని, నడిపింది సైన్యం. పదేపదే పారిపోయే ఆఫీసర్లను తెచ్చి పెట్టే చోటు. అయినా బ్రిటిష్ వైమానికులు తక్కువేం కాదు. రెండు కాళ్లూ కృత్రిమమైన పైలట్ డగ్లస్ బేడర్ 1942 నుంచి అక్కడే ఉన్నాడు. 1942 అక్టోబరులో స్విట్జర్లాండ్ చేరిన నలుగురిలో హాంక్ వార్డిల్ వైమానికుడే. ఆ నలుగురిలో ఇంకొకడు పాట్ రీడ్, ఈ సీరియల్‌కు సాంకేతిక సలహాదారు. అందులో పాట్ గ్రాంట్ అన్న పాత్రలో కనిపించేది ఆయన ఛాయే.

పేర్లు మార్చడం వల్ల రచయితలకు స్వేచ్ఛ దొరికింది, దాన్ని మంచికే వాడుకున్నారు. ‘ట్వీడిల్‌డమ్’ అన్న భాగం చూడండి. మార్ష్ అనే వింగ్ కమాండర్ పిచ్చివాడిలా నటించి, వైద్యకారణాల మీద స్వదేశానికి పంపించుకోవాలని పథకం వేస్తాడు. నటన నెలలు సాగుతుంది, చివరికి పంపుతారు, కానీ అప్పటికి ఆ పిచ్చి నటన కాదు. మార్ష్ కల్పిత పాత్ర. తీవ్రంగా జబ్బుపడ్డ ఖైదీల్ని తటస్థ దేశపు డాక్టర్లున్న సంఘం పరీక్షించి పంపించే ఏర్పాటు మాత్రం నిజం. కల్పిత కథతో నిజమైన ఏర్పాటును ఇంత లోతుగా చూపించిన ఉదాహరణ ఈ నాలుగింటిలో మరొకటి లేదు.

తప్పులు కూడా చెప్పాలి. బీబీసీతోపాటు అమెరికన్ సంస్థ యూనివర్సల్ భాగస్వామి కావడంతో మొదటి విడతలోనే ఒక అమెరికన్ పాత్ర ఉంటుంది. అమెరికన్లు నిజంగా ఆ కోటకు వచ్చింది 1944లో. రెండో విడతలో మోన్ అనే మేజర్‌ను క్రూరుడిగా తెచ్చారు, అతను కల్పితం. అసలు కోట భద్రతాధికారి రైన్‌హోల్డ్ ఎగ్గర్స్ ఒకప్పటి బడిపంతులు. ఖైదీలను కొట్టకుండా తెలివితో గెలవాలని చూసినవాడు. మొదటి విడత నుంచీ ఉన్న ఊల్మాన్ పాత్ర ఆయనకు దగ్గర. అందుకే 28 భాగాలు చూసే ఓపిక లేకపోతే మొదటి విడతతో ఆపేయండి. 1970ల స్టూడియో చిత్రీకరణ కాబట్టి మొదటి రెండు భాగాలు నెమ్మదిగా అనిపిస్తాయి. అక్కడ వదిలేయకండి.

ఆ కోటలో ఒకే ఒక్క భారతీయుడు ఉన్నాడు, డాక్టర్ బీరేంద్రనాథ్ మజుందార్. బ్రిటిష్ సైన్యపు వైద్య విభాగంలో కెప్టెన్. బెర్లిన్‌లో సుభాష్ చంద్రబోస్‌ను కలిసినా ఆయన దళంలో చేరడానికి ఒప్పుకోలేదు. తోటి బ్రిటిష్ ఖైదీల్లో కొందరు ఆయన్ను అనుమానంగా చూశారు. నిరాహారదీక్ష చేసి వేరే శిబిరానికి మారాడు, తర్వాత తప్పించుకుని స్విట్జర్లాండ్ చేరాడు. ఒక సీరియల్‌కు సరిపడే కథ ఇది.

హోగన్స్ హీరోస్

ఒక కర్నల్, అతని కింద సార్జెంట్లు, కార్పొరళ్లు, అన్ని దేశాలవాళ్లూ ఒకే బ్యారక్‌లో. పైన చెప్పిన నియమాల ప్రకారం ఇది మొదటి నిమిషంలోనే తప్పు. కథ జరిగే హామెల్‌బుర్గ్‌లో నిజంగా శిబిరాలున్నాయి గానీ అవి సైన్యానివి. ఒక్క సంగతి మాత్రం గౌరవంగా గుర్తుంచుకోవాలి. జర్మన్ సైనికులుగా వేసిన వెర్నర్ క్లెంపరర్, జాన్ బానర్ ఇద్దరూ నాజీల నుంచి తప్పించుకు వచ్చిన యూదులు. ఫ్రెంచి ఖైదీగా వేసిన రాబర్ట్ క్లారీ బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు.

చూస్తూ చూస్తూ పట్టుకోవడానికి

ఏ కొత్త సీరియల్ వచ్చినా ఈ గుర్తులు పనికొస్తాయి. కంచెకు లోపల కొన్ని మీటర్ల ఇవతల మోకాలెత్తు తీగ ఒకటుండాలి. దాన్ని దాటితే కాల్చేస్తారు. ఖైదీలు కంచెను ఆనుకుని కబుర్లు చెప్పుకుంటుంటే కళాదర్శకుడు అది మర్చిపోయినట్టే. రోజుకు రెండుసార్లు హాజరు, ఐదేసి మంది వరసల్లో. లెక్క తప్పితే గంటలు నిలబడాలి. సొరంగాలు వెతికే జర్మన్లు మామూలు కాపలావాళ్లు కారు. పొడవాటి ఇనుపచువ్వతో నేలను గుచ్చుతూ, చెప్పాపెట్టకుండా గదుల్లో దూరే ప్రత్యేక మనుషులు, ఖైదీలు వాళ్లకు ముంగిసను పోలిన జంతువు ‘ఫెరెట్’ పేరు పెట్టారు. ఇంకోటి చెయ్యెత్తి చేసే నాజీ వందనం. హిట్లర్ మీద 1944 జూలై 20 హత్యాయత్నం తర్వాతే దాన్ని సైనిక దళాలన్నింటికీ తప్పనిసరి చేశారు. 1943 నాటి దృశ్యంలో లుఫ్ట్‌వాఫె ఆఫీసరు మామూలు సైనిక వందనమే చేయాలి. శిబిరాధిపతిని పశువులా చూపినా అనుమానించండి. సాగన్ కమాండెంట్ ఫ్రీడ్రిష్ ఫాన్ లిండైనర్ పాత తరపు ఆఫీసరు. పలాయనం తర్వాత అతన్ని జర్మన్లే తొలగించి కోర్టు మార్షల్ చేశారు.

తెలుగు ప్రేక్షకులకు ఈ పరీక్ష ఇంటి దగ్గరే చేసుకునే వీలుంది. 2017లో మణిరత్నం సినిమా ‘చెలియా’లో హీరో కార్గిల్ యుద్ధంలో పట్టుబడి రావల్పిండి జైలు నుంచి పారిపోతాడు. 1999లో అలాంటి పలాయనం జరగలేదు. అప్పుడు పట్టుబడ్డ ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేతను వారం రోజుల్లో రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి నిజంగా పారిపోయింది 1971 యుద్ధఖైదీలు. 1972 ఆగస్టులో దిలీప్ పరుల్కర్, గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ ఆఫ్ఘన్ సరిహద్దుకు కొద్ది మైళ్ల దూరం దాకా వెళ్లి లండీ కోతల్‌లో పట్టుబడ్డారు. పట్టిచ్చింది ఒక ఊరి పేరు. లండీ ఖానాకు దారేదని అడిగారు. పాత మ్యాపులో ఉన్న ఆ రైల్వేస్టేషన్ 1932లోనే మూతపడింది. 27 ఏళ్ల తర్వాతి యుద్ధానికి ఈ పలాయనాన్ని అతికించడం, ఈగన్‌ను రూసెల్స్‌హైమ్‌లో నిలబెట్టడం ఒకే రకం పని. తేడా ఏమిటంటే ‘చెలియా’ ప్రేమకథనని చెప్పుకుంది, చరిత్రనని చెప్పుకోలేదు.

ఏ వరసలో చూడాలి

ఒక్క ఆదివారమే ఉంటే ‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’ 5వ భాగం నుంచి మొదలుపెట్టండి. మ్యూన్‌స్టర్ దాడి చూడకపోతే తర్వాతి ఖైదు అర్థం కాదు. అక్కడి నుంచి 9 దాకా వరసగా. రెండు వారాలుంటే, 7వ భాగం అయ్యాక ఆపి ‘ది గ్రేట్ ఎస్కేప్’ చూసి మళ్లీ 8వ భాగానికి రండి. కంచెకు ఒకవైపు నుంచి విన్న వార్త ఇంకోవైపు ఎలా జరిగిందో వెంటనే తెలుస్తుంది, సినిమాలో మారినవి కూడా కళ్లకు కడతాయి. ‘కోల్డిట్జ్’ను మాత్రం వీటితో కలపకండి. రోజుకొకటి చొప్పున, తొందర లేకుండా చూడాల్సిన సీరియల్ అది. పిల్లలతో చూసేటట్టయితే సినిమాతో మొదలుపెట్టండి. ‘మాస్టర్స్’లో 6వ భాగం జనం దాడి దృశ్యం చిన్నపిల్లలు చూడదగ్గది కాదు. పదో తరగతి దాటినవాళ్లకైతే, ఆ దృశ్యం అసలు తేదీ 1944 ఆగస్టు 26 అని ముందే చెప్పి చూపించండి.